గంటా పది నిమిషాలు

ఎడ్లబండి ఎనిమిది కార్లతో సమానం. బస్సు మూడు కార్లు. సైకిలు అరకారు. సంతలో చోళ్ళనీ కందుల్నీ ఒకే అడ్డతో కొలిచినట్టు, మా చదువులో రోడ్డు మీద కదిలే ప్రతిదాన్నీ కార్లలోకి మార్చి లెక్కపెడతారు. మరి నెత్తిన అల్లం గంపతో నడిచే మా అమ్మ ఎన్ని కార్లతో సమానం? ఎం.టెక్ మొదటి ఏడాది ఈ మాట క్లాసులో అడిగాను. ఆ పట్టికలో నడిచే మనిషికి గడి లేదని చెప్పారు. అందరూ నవ్వారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నా పేరు కొర్రా బేబి. డుంబ్రిగుడ దాటి లోపలికి వస్తే లింబగుడ జంక్షన్, అక్కణ్ణించి కొండెక్కితే మా ఊరు. విశాఖ యూనివర్సిటీలో ట్రాఫిక్ ఇంజనీరింగ్ చదువుతున్నాను. హాజరు వేసేటప్పుడు మా గైడు గారు నా పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, మూతి బిగబట్టి నవ్వుకుని, అప్పుడు పిలుస్తారు. పేరులో నవ్వడానికి ఏముందో రెండేళ్ళయినా నాకు అర్థం కాలేదు. చదువు కోసం ఓర్చుకున్నాను.

ఆ ఏడు వలిసె పూలు విరగబూశాయి. కార్తీకం వచ్చేసరికి కొండల వాలు పొడుగునా పసుపు పరిచినట్టుంది. పూలతోపాటు కార్లూ వచ్చాయి. అంత మందికి రోడ్డు చాలడం లేదని వెడల్పు చేసే ఆలోచన మొదలైంది. ఎవరిదో ప్రైవేటు కన్సల్టెన్సీ రిపోర్టు రాస్తోంది, లెక్కలు తీసే పని మా గైడు గారికి అప్పజెప్పింది. ఆయన నన్ను పిలిచి, నీది ఆ ఊరేగా, లింబగుడ దగ్గర నువ్వే కూర్చో, నీ థీసిస్ కూడా అందులోనే అయిపోతుంది అన్నారు. ఆకలేసినవాణ్ణి అన్నం తింటావా అని అడిగినట్టుంది నాకు. రెక్కలు కట్టుకుని వాలాను.

వెళ్ళేముందు ఆయన రోజులు చెప్పారు. మంగళవారం, గురువారం మామూలు రోజులు. శని, ఆదివారాలు టూరిస్టులవి. ఈ నాలుగే లెక్కపెట్టాలి.

"బుధవారం అక్కడ సంత కదా, అది అసాధారణ దినం. జాతరలూ సంతలూ కలిపితే లెక్క చెడిపోతుంది. వదిలెయ్" అన్నారు.

నేను నోట్సులో రాసుకున్నాను. అసాధారణ దినం, వదిలెయ్యాలి. గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను.

జంక్షన్లో టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని, పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా గీతలు గీశాను. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డంగా. మంగళవారం మా వాళ్ళంతా పొలాల్లో ఉంటారు, రోడ్డు మీద నడిచేవాళ్ళు గంటకు ఏడెనిమిది మంది. శని, ఆదివారాలు మాత్రం గీత గీసేలోపు నాలుగు కార్లు దాటిపోయేవి. ఒకాయన కారు తలుపులు బార్లా తెరిచి రోడ్డు మధ్యలోనే వదిలేసి, మా బుధు మావ వలిసె చేలోకి దిగి డ్రోను ఎగరేశాడు. కొత్త పెళ్ళివాళ్ళెవరో ఫొటోల కోసం అదే చేలో పడుకుని దొర్లారు. నూనెకని వేసుకున్న పంట మీద. గట్టు మీద నిలబడి చూస్తున్న బుధు మావను కాస్త పక్కకు జరగమన్నారు, ఫొటోలో పడుతున్నాడట.

ఒకావిడ నా దగ్గరికి వచ్చి, "ట్రైబల్స్‌ని చూడాలంటే ఎటు వెళ్ళాలమ్మా?" అని అడిగింది. జీన్సు ప్యాంటులో, మెడలో యూనివర్సిటీ కార్డుతో కూర్చున్న నన్ను అడిగింది. నేను ఏ మాత్రం తడబడకుండా చెయ్యెత్తి విశాఖ వైపు చూపించాను. అంతమంది అటు వెళ్ళిపోతే రోడ్డు వెడల్పు అక్కర్లేదని మనసులో అనుకున్నాను కూడా.

బుధవారం వచ్చింది. లెక్క లేదు కాబట్టి నాకు సెలవు. అమ్మతో కలిసి సంతకు దిగాను. అమ్మ పేరు సోములమ్మ. జంక్షన్ దగ్గర కల్వర్టు గోడను ఆనుకుని ఆమె చోటు. అంతకుముందు మా అమ్మమ్మ కూర్చున్న చోటు. అల్లం, పసుపు, రాజ్‌మా చిక్కుళ్ళు గోనె మీద కుప్పలు పోసి కూర్చుంటుంది. ఆ గోడ దగ్గర కూర్చునే నన్ను ఇంతదాకా చదివించింది. ఆ పొద్దున్న నాలుగు దిక్కుల కొండల మీంచి జనం వరుసలు కట్టి దిగుతున్నారు. ఆడవాళ్ళ నెత్తిన గంపలు, మగవాళ్ళ భుజాన కావిళ్ళు, చంకల్లో కోళ్ళు. తొమ్మిది కొట్టేసరికి జంక్షన్లో ఇసక వేస్తే రాలని జనం. మంచుకు నేల చెమ్మగా ఉంటే లెక్కల అట్ట కింద వేసుకుని దాని మీద కూర్చున్నాను.

"ఇయ్యాల నీ గీతలు నేవా?" అంది అమ్మ.

ఇవాళ లెక్క లేదన్నాను.

"ఎందుకు నేదు? ఇయ్యాలే కదా అందరూ ఒత్తారు."

పుస్తకంలో అలా ఉందమ్మా అన్నాను. చదువుకున్న పిల్ల చెప్పింది కదా అని అమ్మ ఊరుకుంది. నేను సంతలో వేడి బజ్జీలు తిని, గాజులు కొనుక్కుని, సాయంత్రం కొండెక్కాను. ఆ రోజు అమ్మ పక్కనే, అట్ట మీదే కూర్చుని, ఒక్క గీత గీయలేదు.

డిసెంబరు రెండో వారంలో బడి ఆవరణలో గ్రామసభ పెట్టారు. మా కొండల్లో ఊరు ఒప్పుకోకుండా ఇలాంటివి చేయకూడదని చట్టం ఉంది, అందుకని తీర్మానం ముందే టైపు చేసి తెచ్చారు. వేలిముద్రలు ఒక్కటే తరువాయి. కన్సల్టెన్సీ తరఫున ధర్మతేజ అనే ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నెమ్మదస్తుడు, పెద్దవాళ్ళకు వంగి దండం పెట్టాడు, ఇచ్చిన అంబలి తాగాడు. చెడ్డవాడైతే నా కోపానికి కాస్త తేలికగా ఉండేది.

బడి గోడ మీద తెల్ల దుప్పటి కట్టి ప్రొజెక్టరుతో బొమ్మలు వేశాడు. లింబగుడ దగ్గర రోడ్డు వెడల్పవుతుంది. జనవరి మొదటి బుధవారం నుంచి సంత అక్కడ ఉండదు, నాలుగు కిలోమీటర్లు ఎగువన పాత క్వారీ దగ్గర చదును చేసిన నేలకు మారుతుంది. ఎందుకంటే సంత రోజు అతను తన కారులో ఆరుసార్లు జంక్షన్ దాటి చూశాడట, ఒక్కో కారుకు సగటున పదకొండు నిమిషాల ఆలస్యం అవుతోంది. పోనీ సంత మారిస్తే ఎవరికైనా ఇబ్బందా అంటే, అంతమందేం లేరు. నడిచేవాళ్ళు గంటకు తొమ్మిది మంది.

ఆ అంకె దుప్పటి మీద పడగానే గుర్తుపట్టాను. అది నా అంకె. నాలుగు రోజుల సగటు నేనే కట్టి పంపాను. కార్లు ఆగిన సంగతి రాయడానికి బుధవారం పనికొచ్చింది. మనుషుల్ని లెక్కపెట్టడానికి మాత్రం అదే బుధవారం పనికిరాలేదు. ఇంత చిన్న మోసం నా కంటికి ఎందుకు ఆనలేదు? ఎందుకంటే అందులో సగం నా చేత్తోనే జరిగింది.

జనం గోలగోలగా లేచారు. గంటకు తొమ్మిది మందేమిటని అడిగారు. ధర్మతేజ ఓపికగా, సంత రోజు అసాధారణ దినం కనుక ఆ లెక్క తీసుకోరని వివరించాడు. బుధు మావ లేచాడు. మా వైపు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టుకోవడం ఉంది. సోమవారం పుట్టింది కాబట్టి మా అమ్మ సోములమ్మ, బుధవారం పుట్టాడు కాబట్టి ఆయన బుధు.

"బాబూ, నాను పుట్టిన రోజు రోజే కాదంతావేటి?" అన్నాడు. కొందరు నవ్వారు. ధర్మతేజ కూడా నవ్వాడు.

అమ్మ నవ్వలేదు. కూర్చున్న చోటి నుంచే అడిగింది.

"ఆ తొమ్మిది మందీ అని సూసి రాసింది ఎవులు?"

ధర్మతేజ మొహం వెలిగింది. బయటివాళ్ళెవరో కాదు, మీ ఊరి అమ్మాయే, బేబి గారే రాశారు అని నా వైపు చెయ్యి చాపాడు. నన్ను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. అమ్మ తల మాత్రం తిరగలేదు. లేచి, చీర దులుపుకుని, బడి గేటు దాటి కొండ దారి పట్టింది. డిసెంబరు ఆఖరి బుధవారం మర్నాడు మళ్ళీ సభ పెట్టి ఏ సంగతీ చెబుతామని పెద్దలు వాయిదా అడిగారు. నేను అక్కడే గోడకు ఆనుకుని ఉండిపోయాను.

ఆ తర్వాత వారం రోజులు అమ్మ నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది. వేళకు అన్నం పెట్టింది, నా బట్టలు తన బట్టలతోపాటే ఉతికింది. ఊళ్ళో ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర నేను వెళ్తే మాట ఆపేసేవాళ్ళు. చిన్నప్పుడు బడికి వెళ్ళే నన్ను చూసి మురిసిపోయినవాళ్ళే.

ఉండబట్టలేక విశాఖ వెళ్ళి గైడు గారిని కలిశాను. బుధవారం కూడా లెక్కపెట్టి రిపోర్టులో కలపాలని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఊరి మీద అభిమానం వేరు, శాస్త్రం వేరు అన్నారు. కార్ల ఆలస్యానికి బుధవారం ఎలా తీసుకున్నారు సార్ అంటే, అది వేరే అధ్యాయం అన్నారు. జనవరిలో థీసిస్ ఇవ్వాలి, దాని మీద నేను సంతకం పెట్టాలి, గుర్తుంచుకో అని కూడా అన్నారు. గొంతు పెంచలేదు, పేరు పిలిచి నవ్వారు.

బస్సులో ఘాట్ ఎక్కుతున్నంతసేపూ పళ్ళు పటపటలాడుతూనే ఉన్నాయి. ఆయన మీద కోపం, ధర్మతేజ మీద కోపం, చేలో దొర్లిన పెళ్ళివాళ్ళ మీద కోపం. వలిచి చూస్తే అన్నిటికీ అడుగున ఉన్నది నా మీద నాకున్న కోపమే. ఇల్లు చేరి, అమ్మ ముందు కూర్చుని, వాళ్ళు బుధవారాన్ని ఒప్పుకోలేదని చెప్పాను.

అమ్మ పొయ్యిలో కర్ర ఎగదోసింది. వారం తర్వాత మొదటిసారి మాట్లాడింది.

"కార్లకి పదకొండు నిమిసాలన్నాడు కదా. సంత క్వారీకి ఎల్లిపోతే మాకెంత?"

మా రిపోర్టు నూట నలభై పేజీలు. అందులో ఎక్కడా ఆ ప్రశ్నే లేదు.

మర్నాడు పొద్దున్నే అమ్మ గంపలో అల్లం నింపింది. సంతకు తీసుకెళ్ళే బరువే, ఒక్క గడ్డ తగ్గించలేదు. జంక్షన్ దాకా తనే మోసింది. కల్వర్టు గోడ దగ్గర దించి, నా తలకు చుట్టకుదురు పెట్టి, గంప నా నెత్తిన పెట్టింది.

"నువ్వు మొయ్యి. నాను గడియారం సూత్తాను" అంది, చెయ్యి చాపి నా ఫోను అడుగుతూ.

చిన్నప్పుడు మోసినదాన్నే, చదువుకు వెళ్ళి మెడ మెత్తబడింది. అంతా ఎక్కుడు దారి. మొదటి మలుపుకే కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి. వెనక నుంచి కార్లు మోత మోగించినప్పుడల్లా పక్కన గోతిలోకి దిగి నిలబడాలి, అవి పోయాక గంప బరువుతో మళ్ళీ గట్టెక్కాలి. రెండో మలుపులో ఒక కారు అద్దం దించి, లోపలివాళ్ళు నన్ను ఫొటో తీసుకున్నారు. చేతులు గంప మీద ఉన్నాయి కాబట్టి వాళ్ళు బతికిపోయారు.

అప్పుడు అమ్మ పక్కన నడుస్తూ చెప్పింది.

"నువ్వు తప్పు రాసేవని నాకు కోపం నేదే గుంటా. పుస్తకంలో ఉన్నాది రాసేవు. సంత రోజు నా పక్కనే కూకుని, ఆల్లందర్నీ సూసి కూడా రాయనేదు. అదే నాకు కోపం."

నెత్తిన గంప ఉంటే తల వంచడానికి కూడా వీల్లేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికీ లేదు. అలాగే నడిచాను. క్వారీ దగ్గర గంప దించాక అమ్మ ఫోను నా ముందు పెట్టింది. అక్షరాలు రావు గానీ సంతలో బతికిన మనిషికి అంకెలు రాకపోవడం ఏమిటి. గంటా పది నిమిషాలు.

తిరుగుదారిలో, ఇల్లు చేరేముందు అమ్మ, ఇటుకల పండగకు పెట్టే దుంగ బుధు పెరట్లోనే ఉందా అని అడిగింది.

ఇటుకల పండగ మాకు చైత్రంలో వస్తుంది. మగవాళ్ళు వేటకు పోతారు, ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి, థింసా ఆడి, వచ్చే పోయే బళ్ళను ఆపి పండగ కానుక అడుగుతారు. కలెక్టరు జీపైనా ఆగాల్సిందే, నవ్వుకుంటూ ఇచ్చి పోవాల్సిందే. ఆ హక్కు ఆడవాళ్ళది, ఆ నాలుగు రోజులదే. డిసెంబరులో ఆ దుంగ తియ్యడం మా ఊళ్ళో ఎవరూ ఎరగరు. పూజారి ముందు ఒప్పుకోలేదు. కాలం కాని కాలంలో పండగేమిటన్నాడు. సంత రోజే వేస్తాం, అసాధారణ దినం కదా మావా, ఏం చేసినా లెక్కలోకి రాదు అన్నాను నేను. ఆ మాట ఆయనకు అర్థమైందో లేదో గానీ ఆడవాళ్ళందరూ నవ్వారు. వాళ్ళు నన్ను చూసి నవ్వడం అదే మొదలు, ఆ సభ తర్వాత.

డిసెంబరు ఆఖరి బుధవారం. కొత్త సంవత్సరానికని కార్లు ముందురోజు నుంచే బారులు తీరాయి. పొద్దున్న ఆరింటికే హైస్కూలు పిల్లలు నలుగుర్ని నాలుగు దార్ల దగ్గర అట్టలిచ్చి కూర్చోబెట్టాను. నా అట్ట నేను పట్టుకున్నాను. చేత్తో కొత్త గడి గీసి, పైన 'నడిచేవారు, బరువుతో' అని రాశాను. పది గంటలకు పిల్లల నాలుగు అట్టలూ ఆ గడిలో కలిపి చూస్తే రెండు వేల మూడు వందల పద్నాలుగు మంది.

అప్పుడు దుంగ వేశారు. ఎగువకు పోయే వైపు, కల్వర్టు పక్కన. ఆడవాళ్ళు నలభై మంది దాకా నిలబడ్డారు. పాట లేదు, థింసా లేదు, కానుక అడగలేదు. అంబులెన్సు వస్తే ఎత్తారు, మా ఊళ్ళ బస్సు వస్తే ఎత్తారు. మిగతా బళ్ళకు ఒకటే మాట చెప్పారు, గంటా పది నిమిషాలు ఆగాలి. ఎందుకని అడిగితే, క్వారీకి మేం నడిచేంతసేపు అన్నారు. హారన్లు మోగాయి. ఒకాయన నేనెవరో తెలుసా అన్నాడు. తెలీదు బాబూ అంది మా పిన్ని, నిజంగానే తెలీక.

వరసలో నాలుగో కారు ధర్మతేజది. మర్నాటి సభకని వస్తూ ఇరుక్కున్నాడు. అతనే ఫోను చేసి చెప్పినట్టున్నాడు, రెండు నిమిషాల్లో గైడు గారు లైన్లోకి వచ్చారు. అక్కడ ఏం చేస్తున్నావని అడిగారు. ఈసారి నా పేరు దగ్గర నవ్వలేదు.

"డిలే సర్వే సార్" అన్నాను.

ఆయన సంతకం సంగతి ఎత్తారు. వింటున్నాను సార్ అని చెప్పి ఫోను పెట్టేశాను. దాని ఫలితం ఏమిటంటే, నా థీసిస్ మీద ఆయన సంతకం పడనే లేదు, గైడును మార్చుకుని మొదట్నించీ రాస్తున్నాను, ఒక ఏడాది పోయింది. మర్నాటి సభలో మా ఊరు తీర్మానం మీద ఒక్క వేలిముద్రా వెయ్యలేదు. క్వారీ నేల మీద ఇప్పుడు తుప్పలు మొలిచాయి. అదంతా తర్వాతి సంగతి. ఆ పొద్దున్న మాకు అదేమీ తెలీదు, పోలీసు జీపు వస్తోందని మాత్రం తెలుసు.

అమ్మ దుంగ మీద కూర్చుంది. నేను పక్కన ఫోను పట్టుకుని నిలబడ్డాను. ధర్మతేజ కారు దిగి, చెమట తుడుచుకుంటూ, ఆడవాళ్ళ మధ్య నుంచి ఒదిగి ఒదిగి మా దగ్గరికి వచ్చాడు. నన్ను కాదని అమ్మకే దండం పెట్టాడు.

"ఎంతయింది?" అని నన్నడిగింది అమ్మ.

ఫోను చూశాను. "పదకొండు నిమిషాలు."

ధర్మతేజ ఏదో అనబోయి, ఆ అంకె విని ఆగిపోయాడు. అమ్మ అతణ్ణి పైనుంచి కింద దాకా చూసింది. గొంతులో వేడి లేదు, సంతలో బేరం చెప్పినట్టే చెప్పింది.

"మీ లెక్క అయిపోయింది బాబూ. ఇక మాది. ఇంకో గంట ఉన్నాది, కూకో."

అని దుంగ మీద కాస్త పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.